నాలుగు రీచార్జిలా, ఒక ఫైబర్ వైరా?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లో నలుగురం, నాలుగు ఫోన్లు. ఒక్కొక్క ఫోనుకు 28 రోజులకు రూ.299 చొప్పున రీచార్జి చేయిస్తున్నాను, రోజుకు 1.5 జీబీ వస్తుంది. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే మా అమ్మాయికి అది మధ్యాహ్నానికే అయిపోతుంది. పని ఉన్న ప్రతిరోజూ రూ.19 పెట్టి ఇంకొక జీబీ వేయించుకుంటోంది. మా అత్తగారి ఫోనులో మాత్రం సగానికి పైగా మిగిలిపోతుంది. మా కేబుల్ అబ్బాయి నెలకు రూ.399కి, పన్ను అదనంగా, 30 ఎంబీపీఎస్ (సెకనుకు 30 మెగాబిట్లు) వేగంతో ఫైబర్, అంటే గాజు పోగు వైరు మీద ఇంటర్నెట్, ఇస్తానంటున్నాడు. అది తీసుకున్నా ఫోన్ల రీచార్జి తప్పదు కదా! ఖర్చు రెండింతలు అవుతుందేమోనని వెనకాడుతున్నాను.
— ఒక గృహిణి, రాజోలు మండలం

జవాబు: మీ సందేహం సహేతుకమైనదే. ఫైబర్ చౌక అని చెప్పేవారిలో చాలామంది ఫోన్ల రీచార్జిని లెక్కలోంచి వదిలేస్తారు. అందుకని ముందు కాగితం మీద మొత్తం వేసి చూద్దాం.

28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి పన్నెండు కాదు, 13 రీచార్జిలు. ఒక ఫోనుకు రూ.3,887, నాలుగింటికి రూ.15,548. అమ్మాయి నెలకు 22 రోజులు పనిచేస్తుందనుకుంటే, ఆ పందొమ్మిదేసి రూపాయలే ఏడాదికి రూ.5,016 అవుతాయి. చిన్న మొత్తం కదా అని మనం పట్టించుకోనిది ఇక్కడే పెద్దదవుతోంది. రెండూ కలిపితే మీరు ఇప్పుడు కడుతున్నది రూ.20,564.

ఇక ఫైబర్ సంగతి. రూ.399కి 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు దాదాపు రూ.471, ఏడాదికి రూ.5,650. నాలుగు ఫోన్లకూ ఇప్పటి రీచార్జిలే కొనసాగిస్తే మొత్తం రూ.21,198 అవుతుంది, అంటే మీరు భయపడినట్టు రెండింతలు కాదు, ఇప్పటికంటే రూ.634 మాత్రమే ఎక్కువ. అయితే అలా కొనసాగించవలసిన పనిలేదు. డేటా అక్కరలేని వారికి మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే ప్లాన్ ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. 2025 జనవరి నుంచి కంపెనీలు అటువంటివి తెచ్చాయి. అప్పుడు 84 రోజులకు రూ.448 ధరతో ఒక ప్లాన్ వచ్చింది, ఆ లెక్కన ఏడాదికి రమారమి రూ.1,950. ఇంట్లో నెట్ ఫైబర్ వైఫై నుంచే వస్తుంది కాబట్టి, ఇల్లు దాటి పెద్దగా వెళ్లని అత్తగారికి, ఇంటినుంచే పనిచేసే అమ్మాయికి ఈ ప్లాన్ సరిపోతుంది. బయట తిరిగే ఇద్దరికీ డేటా ఉన్న పాత ప్లానే ఉంచండి. అప్పుడు ఫైబర్‌తో కలిపి మొత్తం రూ.17,324 అవుతుంది. ఇప్పటికంటే రూ.3,200కు పైగా తక్కువ.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. అమ్మాయి ఉద్యోగం లేకపోతే, ఆ అదనపు జీబీలు కొననవసరం లేకపోతే, ఇదే లెక్కలో మొబైలే చౌక. ఇద్దరే ఉన్న ఇంటివారు, వార్తలూ వాట్సాపూ చూసుకునేవారు కేబుల్ అబ్బాయి మొహమాటానికి ఫైబర్ పెట్టించుకోవద్దు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది రోజువారీ పరిమితి. 28 రోజులకు 42 జీబీ అని మనం లెక్క వేసుకుంటాం కాని, మన చేతికి ఎప్పుడూ 42 జీబీ రాదు. వంతు వచ్చిన రోజున చేనుకు పెట్టుకోని నీరు మురుగు కాలువలోకి పోయినట్టే, మీ అత్తగారు వాడని డేటా అర్ధరాత్రికి పోతుంది. పక్కగదిలోనే ఉన్న మనవరాలికి అది అందదు. పరిమితి దాటినవారికి వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 64 కిలోబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక 8 కిలోబైట్లు. ఒక ఎంబీ ఫొటో వెళ్లడానికి రెండు నిమిషాలు, ఒక జీబీ దిగడానికి దాదాపు 35 గంటలు పడుతుంది. 2023 నుంచి ప్రభుత్వ నిర్వచనం ప్రకారం కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్. దానిలో ముప్పయ్యో వంతు వేగంతో నడిచేదాన్ని ‘అన్‌లిమిటెడ్’ అనడం వినియోగదారుడికి న్యాయం కాదని నా దృఢమైన అభిప్రాయం.

ఫైబర్‌కూ పరిమితి ఉంటుంది. జియో, ఎయిర్‌టెల్ ఇంటి కనెక్షన్లలో అది నెలకు 3,300 జీబీ, అంటే రోజుకు 110. నలుగురున్న ఇల్లు దాన్ని దాటడం కష్టం. పైగా ఆ నిల్వ ఇంటికంతా ఒకటే కాబట్టి ఒకరి మిగులు మరొకరికి పనికొస్తుంది. మీ కేబుల్ అబ్బాయి ఇచ్చే కనెక్షన్‌కు ఈ అంకె ఎంతో తప్పకుండా అడగండి.

అయితే మన లంకల్లో, కాలువ గట్ల మీద అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది: వైరు తెగితే ఎన్నాళ్లకు అతుకుతారు? కిందటి వానాకాలం పాలకొల్లు దగ్గర ఒక గట్టు మీద చూశాను. కరెంటు స్తంభాల మీదుగా లాగిన వైరు మీద కొబ్బరి మట్ట పడి తెగింది. ఒక కుర్రవాడు మోటారుసైకిల్ సీటు మీద, తెగిన పోగులను అతికే స్ప్లైసింగ్ మిషను పెట్టుకుని, వెంట్రుకలాంటి గాజు పోగు మీది పొర ఒలిచి, స్పిరిటుతో తుడిచి, రెండు కొసలనూ మిషనులో ఎదురెదురుగా పెట్టాడు. చిన్న తెర మీద రెండు గీతలు దగ్గరై ఒకటయ్యాయి. పని పది నిమిషాలు కూడా పట్టలేదు. కాని ఆ కుర్రవాడు రావడానికి మూడు రోజులు పట్టిందని పక్క ఇంటివారు చెప్పారు. ఉద్యోగం చేసే అమ్మాయికి మూడు రోజులంటే మాటలు కాదు. కాబట్టి ఆరు నెలల అడ్వాన్సు కట్టేముందు మీ వీధిలో అదే కనెక్షన్ ఉన్న రెండు మూడిళ్లలో అడిగి తెలుసుకోండి, మొదట నెలనెలా కట్టే పద్ధతిలోనే తీసుకోండి. వైరు తెగిన రోజున డేటా ప్లాన్ ఉంచిన మీ ఫోను హాట్‌స్పాట్‌గా ఆదుకుంటుంది.

కరెంటు పోతే ఇంట్లో వైఫై పంచే రౌటర్ కూడా ఆగిపోతుంది, దానికి విడిగా చిన్న యూపీఎస్ దొరుకుతుంది. మీది పాత మండువా ఇల్లయితే రౌటర్‌ను వీధి గదిలో కాక నడిమి సావిట్లో పెట్టించండి. లావుపాటి గోడలను 5 గిగాహెర్ట్‌జ్ వైఫై సరిగా దాటలేదు, 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై కొంత దాటుతుంది.

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రిళ్లు, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగాయో తిరుగుతున్నాయో ఇంటి నుంచి చూడటానికి చెరువు షెడ్డు దగ్గర కెమెరా పెట్టాలి. అక్కడికి వైరు రాదు. రోజుకు 2 జీబీ వచ్చే సిమ్ము సరిపోతుందా?
— ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: కెమెరా బొమ్మను ఇరవై నాలుగు గంటలూ ఇంటర్నెట్ మీదికి పంపేటట్టయితే సరిపోదు. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున, అంటే మామూలు స్పష్టతతో పంపినా, రోజుకు 10.8 జీబీ అవుతుంది. మీ 2 జీబీ నాలుగున్నర గంటల్లోపే ఖాళీ. ఉదయం మొదలైతే, మీకు అసలు అవసరమైన రాత్రివేళకు కెమెరా ఉండీ లేనట్టే.

మెమరీ కార్డు పెట్టుకునే 4జీ కెమెరా తీసుకోండి. రికార్డింగ్ కార్డులోనే జరుగుతుంది, దానికి డేటా ఖర్చు కాదు. మీరు ఫోను తెరిచి చూసినప్పుడు మాత్రమే బొమ్మ సిమ్ము ద్వారా వస్తుంది. రాత్రికి ఆరుసార్లు, రెండేసి నిమిషాలు చూసినా అదే వేగంతో 90 ఎంబీకి మించదు. కదలిక కనబడితే కబురు పంపే ఏర్పాటును మాత్రం ఆపివేయండి. ఏరేటర్ చిమ్మే నీటినే అది కదలిక అనుకుని రాత్రంతా పంపుతూనే ఉంటుంది. ఏరేటర్లు ఆగేది ఎక్కువగా కరెంటు పోయినప్పుడే కనుక, కెమెరాకు బ్యాటరీ ఉండాలి. సిమ్ము కొనేముందు షెడ్డులో, కెమెరా బిగించబోయే ఎత్తులో, రాత్రి తొమ్మిది గంటల వేళ రెండు కంపెనీల సిగ్నల్ ఫోనుతో చూసుకోండి. పగలు బాగా వచ్చే టవరే, ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చునే ఆ వేళకు నెమ్మదిస్తుంది.