ఎడ్ల దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

పాతకాలం అమెరికా కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లయన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "1749లో ఐర్లండ్‌లో జన్మించారు" అని ఎత్తుకున్నావు. తప్పేమీ లేదు, కానీ అక్కడే ఆవలింత వచ్చింది. నేనూ పదేళ్ళు ఇలాగే రాశాను.

ఎడ్ల సంగతి ఆరో పేరాలో పడేశావేంటి? ఓడ ఖర్చుకు డబ్బు లేక, దానికి బదులు కొన్నేళ్ళు ఒళ్ళొంచి చాకిరీ చేస్తానని ఒప్పుకుని అమెరికా చేరిన కుర్రాడు. కనెక్టికట్‌లో ఆ ఒప్పందాన్ని ఒక యజమాని ఇంకొకడికి జత ఎడ్లకు మారకం వేశాడు. పెద్దయ్యాక "నన్ను కొన్న ఎడ్ల మీద ఒట్టు" అనేవాడట. కథ అక్కడ మొదలుకావాలి.

"సభలో అవాంఛనీయ సంఘటన చోటుచేసుకుంది" అని రాశావు. ఏం చోటుచేసుకుందయ్యా? ఉమ్మేశాడు! 1798 జనవరి 30న, ఫిలడెల్ఫియాలో, ప్రతినిధుల సభలో. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో లయన్ సైన్యం నుంచి వెళ్ళగొట్టించుకున్న పాత అవమానాన్ని గుర్తుచేస్తూ, తోటి సభ్యుడు రోజర్ గ్రిస్‌వోల్డ్ పిరికివాడన్నట్టు 'చెక్క కత్తి' అని ఎత్తిపొడిచాడు. లయన్ అతని ముఖాన ఉమ్మాడు. సభ నుంచి వెళ్ళగొట్టాలని చూశారు, మూడింట రెండొంతుల ఓట్లు రాలేదు. పదిహేను రోజులకు గ్రిస్‌వోల్డ్ చేతికర్రతో వచ్చి బాదితే, లయన్ నిప్పుగూటి దగ్గరున్న పటకారు అందుకున్నాడు. ఆ పటకారు నీ వ్యాసంలో లేనే లేదు. పైగా ఆయన్ని 'మహావీరుడు' అన్నావు. ఆ మాట కొట్టెయ్. ఉమ్మినవాణ్ణి ఉమ్మినవాడిగానే ఉండనీ.

జైలు భాగం పెంచు. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌ను విమర్శించినందుకు రాజద్రోహ చట్టం కింద నాలుగు నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా. వెర్మాంట్ రాష్ట్రం వెర్జెన్స్‌లోని ఆ గది 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, మూలనే మరుగుదొడ్డి. ఆ కంపులో ఉండగానే వెర్మాంట్ ఓటర్లు ఆయన్ని మళ్ళీ కాంగ్రెస్‌కు గెలిపించారు. నువ్వేమో 'ప్రజాస్వామ్య విజయం' అని ముక్కు మూసుకుని దాటేశావు.

1801లో అధ్యక్షుణ్ణి సభ తేల్చాల్సి వచ్చినప్పుడు జెఫర్సన్‌కు వేసిన ఓటు, కెంటకీకి వలస, అక్కణ్ణుంచి మళ్ళీ కాంగ్రెస్‌కు వెళ్ళడం, ఇవన్నీ నాలుగు వాక్యాల్లో కానిచ్చెయ్. 1840లో ఆ జరిమానాను వడ్డీతో సహా వారసులకు తిరిగిచ్చిన సంగతి మాత్రం వదలకు. అప్పటికి ఆయన పోయి 18 ఏళ్ళు.

ఆదివారంలోపు పంపు. ఈసారి పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పెట్టు. నా కళ్ళు నీ వయసువి కావు.

మీ అన్నయ్య