ఫైబర్ పడవ మీది పాత స్టిక్కరు అక్షరాలు

మీరు కొన్న పాత పడవ మీద మునుపటి యజమాని అంటించిన పేరు పెళుసెక్కి, గీకితే పొడిపొడిగా రాలుతోందన్నారు. దయచేసి ఇనుప బ్లేడు వాడకండి, జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నటి పై పూత) మీద గీతలు పడతాయి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో ఒక్కో అక్షరాన్ని, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి చేయండి. మూల మెత్తబడగానే ప్లాస్టిక్ ముక్కతో లేపి, వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి. ఇంకా తునకలవుతుంటే వేడి చాలలేదన్నమాట. డ్రయ్యరు ఆపి పక్కన పెట్టాకే, మిగిలిన జిగురును టర్పెంటైన్ గుడ్డతో తుడిచి సబ్బునీళ్లతో కడగండి.

ఆ తర్వాత కూడా అక్షరాల నీడ కనిపిస్తే కంగారు పడకండి. స్టిక్కరు కింద ఎండ తగలక పాత రంగు నిలిచింది, చుట్టూ వెలిసింది. ఆ చుట్టుపక్కల భాగాన్ని రబ్బింగ్ కాంపౌండుతో (పై పొరను సన్నగా అరగదీసి మెరుగుపెట్టే పేస్టు) రుద్ది మైనం పట్టించండి. ముదురు నీలం పడవైతే మరింత ఓపిక కావాలి.