గిరీశ్‌కు ఏ ‘శ’? సంతోష్‌కు ఏ ‘ష’?

సందేహం: మా మనవడికి గిరీష్ అని పేరు అనుకున్నాం. ఇంట్లో పెద్దాయన ‘గిరీశ్ అని రాయాలి’ అంటున్నారు. రమేష్, సురేష్, ఆకాష్, సంతోష్... అందరూ పొట్ట చీల్చిన ‘ష’తోనే రాస్తున్నారు కదా! ఏది సరైనది?

సమాధానం: పెద్దాయన మాటే సరైనది. గిరీశ్ అనే రాయండి. అయితే ఇలా ముగిసే మగపిల్లల పేర్లన్నిటికీ ‘శ’ పెట్టేస్తే సంతోష్ దగ్గర మళ్లీ తప్పు పడుతుంది. పేరు ఏ మాటలోంచి వచ్చిందో చూసుకుంటేనే తేలుతుంది.

వీటిలో చాలా పేర్ల చివర ఉన్నది ‘ఈశ’ శబ్దం. ఈశుడంటే ప్రభువు. గిరి + ఈశ = గిరీశ, సతీ + ఈశ = సతీశ. రెండూ సవర్ణదీర్ఘసంధులు, రెండు పేర్లూ శివుడివే. ముందున్నది అకారమో ఆకారమో అయితే గుణసంధి జరిగి ఏత్వం వస్తుంది. రమా + ఈశ = రమేశ, అంటే లక్ష్మీపతి. ఉమా + ఈశ = ఉమేశ, పార్వతీపతి. సురేశుడు దేవతల రాజు ఇంద్రుడు, దినేశుడు పగటికి దొర అయిన సూర్యుడు. రాకేశ్ అన్న పేరుకు మన ‘రాకపోకల’తో ఏ సంబంధమూ లేదు. సంస్కృతంలో రాక అంటే నిండు పున్నమి, కాబట్టి రాకేశుడు చంద్రుడు. జగదీశ్ (జగత్ + ఈశ), వాగీశ్ (వాక్ + ఈశ) కూడా ఈ కోవలోవే. వీటన్నిటికీ ‘శ’కారమే. ‘ఈషా’ అనే మాట సంస్కృతంలో వేరే ఉంది. దాని అర్థం నాగలికి ఉండే పొడవాటి కొయ్య, మన ఏడికోల. అక్షరం మారితే మాటే మారిపోతుంది.

గుర్తు పట్టడానికి తేలికైన దారి ఒకటుంది. పేరు చివర ‘శ్వర్’ చేర్చి చూడండి. మహేశ్‌కు మహేశ్వర్, లోకేశ్‌కు లోకేశ్వర్, రాజేశ్‌కు రాజేశ్వర్ ఉన్నారు. అలా కుదిరితే అది ‘ఈశ’ పేరే. కుదరకపోతే ఆ పేరుకు తెలుగులో వాడుకలో ఉన్న నిండు మాట తలచుకోండి. ఆకాశం, ప్రకాశం, అంకుశం, వినాశం అంటాం. అందుకే ఆకాశ్, ప్రకాశ్, అంకుశ్, అవినాశ్. ఎవరూ ‘ఆకాషం’ అని రాయరు, పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆకాష్ అయిపోతోంది. అదే సంతోషం, హర్షం, పీయూషం, అభిలాష అన్నప్పుడు పొట్ట చీల్చిన ‘ష’ సహజంగానే ఉంది. సంతోష్, హర్ష్, పీయూష్ (అమృతం), అభిలాష్ (కోరిక) అలా రాయడమే ఒప్పు. సుభాష్‌లో ఉన్నది ‘భాష’, అక్కడా ఇదే.

జాగ్రత్త పడాల్సిన పేర్లు కొన్ని ఉన్నాయి. శిరీష్ చూడటానికి గిరీశ్‌కు తోబుట్టువులా ఉంటుంది కానీ అందులో ఈశుడు లేడు. శిరీషం అంటే దిరిసెన పువ్వు. మొదట ‘శ’, చివర ‘ష’. మనీష్‌ను ‘మనసుకు ప్రభువు’ అని చెప్పేవాళ్లున్నారు, అది కుదరదు. మనస్ + ఈషా కలిసి ‘మనీషా’ అయింది, అంటే బుద్ధి. మనీషి అంటే ప్రాజ్ఞుడు. హృషీకేశ్‌లో వరస తిరగబడింది. హృషీకాలంటే ఇంద్రియాలు, వాటికి ఈశుడు. అందుకని మధ్యలో ‘ష’, చివర ‘శ’. ఇక కైలాష్ అని రాసేది అసలు ఈ రెండింటిలో దేనితోనూ ముగిసేది కాదు. ఆ కొండ పేరు కైలాసం, కాబట్టి కైలాస్.

ఇంతగా కలగాపులగం కావడానికి మొదటి కారణం ఇంగ్లిషు స్పెల్లింగు. రెండు అక్షరాలకూ అక్కడ ‘ఎస్ హెచ్’ ఒకటే. ముందు ఇంగ్లిషులో రాసి, దాన్ని చూసి తెలుగులోకి తెచ్చుకోవడంతో చేతికి ‘ష’ అలవాటైంది. రెండోది, మన పాత అలవాటు ప్రకారం పేరు అచ్చుతోనో ‘ము’తోనో ముగిసేది. గణేశుడు, మల్లేశం, వెంకటేశం అన్నంతకాలం శకారం నోటికి స్పష్టంగా తగిలేది. చివర పొల్లు మిగిలేసరికి తేడా చెవికి అందడం తగ్గింది. నోట్లో తేడా పట్టుకోవాలంటే ‘నిశ్చయం’, ‘కష్టం’ పైకి అనండి. ‘చ’ పలికే తావున పుట్టేది ‘శ’, నాలుక కొన పైకి మడిచి ‘ట’ పలికే తావున పుట్టేది ‘ష’. అందుకే ‘చ’తో ‘శ’, ‘ట’తో ‘ష’ జత కడతాయి.

మీ మనవడి పేరు దగ్గర చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, ‘రీ’ దీర్ఘం. ‘గిరిశ’ అని హ్రస్వంతో కూడా శివుడికి పేరుంది. రుద్రంలో వినిపించేది అదే, కొండ మీద పవ్వళించేవాడని అర్థం చెబుతారు. రెండూ మంచి పేర్లే, రెండూ వేరు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని అన్నిచోట్లా అదే రాయించండి. జననం నమోదయ్యాక పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, తొందరేమీ లేదు. ఆధార్‌లో తెలుగు పేరును కంప్యూటరు ఇంగ్లిషు నుంచి తనంతట మార్చి చూపుతుంది. అక్కడ ‘గిరీష్’ అని వస్తే అప్పుడే చెప్పి దిద్దించండి. ఇప్పటికే సర్టిఫికెట్లన్నీ ‘ష్’తో ఉన్న పెద్దవాళ్లు మార్పించుకోనక్కర్లేదు. వాళ్ల సంతకం వాళ్లది, మనమూ వాళ్లు రాసుకున్నట్టే రాయాలి.