మా పాప మొండిదా? బాబుకు పొగరా?

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు. అన్నకూ తనకూ సమానంగానే పాలు పోసినా, అన్న గ్లాసు పొడవుగా ఉంటే వాడికే ఎక్కువ పోశానని ఏడుస్తుంది. కొలిచి చూపించినా నమ్మదు. ఈమధ్య అబద్ధాలూ మొదలుపెట్టింది. బాబుకు పదమూడేళ్లు. ఏం చెప్పినా ‘ఎందుకు?’ అని వాదిస్తాడు. మొహం మీద చిన్న మొటిమ వచ్చినా అందరూ దాన్నే చూస్తారని బడి మానేస్తానంటాడు. మావారు ఇద్దరి మీదా చెయ్యి చేసుకుంటున్నారు. లోపం నా పెంపకంలోనే ఉందా?

జవాబు: మీ పెంపకంలో లోపం లేదు. ఇద్దరూ తమ వయసుకు తగ్గట్టే ఆలోచిస్తున్నారు. ముందుగా ఆ కొట్టడం ఆగాలి. దెబ్బలతో పిల్లలకు ఆలోచన ఎదగదు, భయపడి దాచడం మాత్రం వస్తుంది.

పది నెలల పిల్లల ముందు బొమ్మను రెండు మూడుసార్లు ఒకే దిండు కింద దాచి, తర్వాత వాళ్లు చూస్తుండగానే పక్క దిండు కింద పెట్టండి. చాలామంది మొదటి దిండే ఎత్తి వెతుకుతారు. దానికి మనం ముద్దు చేస్తాం, మొండితనం అనం. పాప గ్లాసు గొడవా అలాంటిదే. ఇప్పుడు మాటలొచ్చాయి కాబట్టి వాదనలా వినిపిస్తోంది, అంతే.

స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే ఈ పొరపాటును నీళ్ల గ్లాసులతోనే పరిశీలించారు. ఒకే రకం గ్లాసులు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, పిల్లలు చూస్తుండగానే ఒకదానిలోవి సన్నటి పొడవు గ్లాసులోకి మారిస్తే, అందులోనే ఎక్కువ ఉన్నాయంటారు. ఈ వయసులో పిల్లల దృష్టి ఒక్క ఎత్తు మీదే నిలుస్తుంది, గ్లాసు సన్నబడిన సంగతి పట్టదు. తిరిగి పాత గ్లాసులో పోస్తే మొదటి మట్టానికే వస్తుందని మనసులో వెనక్కి వెళ్లి చూసుకోలేరు. ఆ శక్తి సాధారణంగా ఆరేడేళ్లకు వస్తుంది, అదీ అన్నిటిలో ఒకేసారి కాదు. గుండీలను ఎడంగా పేర్చినా లెక్క మారదని ముందు తెలుస్తుంది. మట్టిముద్దను సాగదీసినా బరువు మారదని తెలియడానికి తొమ్మిదేళ్ల దాకా పట్టొచ్చు. అందుకే మీరు కొలిచి చూపించినా లాభం లేకపోయింది. ఇద్దరికీ ఒకే రకం గ్లాసులు పెట్టండి. స్నానం చేయించేటప్పుడు రెండు మూడు రకాల గిన్నెలిచ్చి తననే నీళ్లు పోసుకోనివ్వండి.

ఇంకో జాగ్రత్త. అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే, మొదట చెప్పింది తప్పేమోనని పిల్లలు జవాబు మార్చేస్తారు. అది అబద్ధం కాదు.

అసలైన అబద్ధానికి కొంత తెలివి కావాలి. బిస్కెట్ల పెట్టెలో పెన్సిళ్లు పెట్టి పాపకు చూపించండి. మూత పెట్టి, ‘నాన్న తెరవకుండా చూస్తే ఇందులో ఏముందనుకుంటారు?’ అని అడగండి. మూడేళ్ల పిల్లలు ఎక్కువగా ‘పెన్సిళ్లు’ అంటారు. తనకు తెలిసింది నాన్నకు తెలియకపోవచ్చని అర్థమయ్యేది నాలుగైదేళ్ల మధ్య. అది అర్థమైన పిల్లలకే అబద్ధం నిలబెట్టుకోవడం చేతనవుతుంది. కాబట్టి మీకు తెలిసిన తప్పునే ‘నువ్వేనా చేసింది?’ అని అడగొద్దు. ‘నీళ్లు ఒలికాయి, గుడ్డ తే, తుడుద్దాం’ అంటే చాలు, అబద్ధం చెప్పే అవసరమే రాదు.

బాబు విషయం వేరు. పదకొండు, పన్నెండేళ్ల నుంచి ‘ఇలా కాకపోతే?’ అని లేనిదాన్ని ఊహించి తర్కించడం మొదలవుతుంది. కొత్తగా వచ్చిన ఆ శక్తిని మొదట ప్రయోగించేది ఇంటి నియమాల మీదే. వాదన కోపంలో సాగనివ్వకండి. వారానికో రోజు ఇరవై నిమిషాలు కేటాయించండి. తన తరఫున రెండు కారణాలు, మీ తరఫున రెండు కారణాలు తననే రాయమనండి. పడుకునే వేళ లాంటివి బేరానికి పెట్టండి, భద్రతకు సంబంధించినవి మాత్రం వద్దు.

ఇక మొటిమ. ఎదుటివాళ్లు తన గురించి ఏమనుకుంటారో ఇప్పుడు ఊహించగలుగుతున్నాడు, కానీ తన మనసు నిండా ఉన్నదే వాళ్ల మనసులోనూ ఉందనుకుంటున్నాడు. అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కిండ్ 1967లో దీనికి ‘ఊహా ప్రేక్షకులు’ అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. ‘నిన్నెవరు చూస్తార్రా’ అని తీసిపారేయకండి. ‘నిన్న క్లాసులో ఎవరి మొహం మీద ఏముందో నీకు గుర్తుందా?’ అని నెమ్మదిగా అడగండి. బడికి వెళ్లననడం రెండు వారాలు దాటినా, నిద్ర, ఆకలి తగ్గినా డాక్టరుకు చూపించండి.

ఈ ఆదివారం నీళ్ల పరీక్ష మీవారినే చేయమనండి. ఒకే రకం గ్లాసులు రెండు, సన్నటి పొడవు గ్లాసు ఒకటి చాలు. పాప ఏం చెప్పినా సరిదిద్దకుండా, ‘ఎందుకలా అనిపించింది?’ అని ఒక్కసారే అడిగి, చెప్పేది పూర్తిగా వినమనండి.