‘మర్చిపో’ అంటే మర్చిపోగలమా?

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం మా కారుకు యాక్సిడెంట్ అయింది. నాకు పెద్ద దెబ్బలేం తగల్లేదు. కానీ ఇప్పటికీ హారన్ వినిపిస్తే గుండె దడదడలాడుతుంది. రాత్రిళ్లు అదే కల. కారెక్కడం మానేశాను. ఇంట్లోవాళ్లు ‘అయిపోయిందిగా, మర్చిపో’ అంటున్నారు. థెరపీకి వెళ్తే అదంతా మళ్లీ తవ్వుతారేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: మర్చిపోవాలని ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉన్నారు కదా. చిక్కంతా అక్కడే ఉంది. ఆ క్షణంలో మీ మెదడు హారన్ చప్పుడుకీ ప్రాణభయానికీ ముడి వేసేసింది. కారెక్కకుండా తప్పించుకున్న ప్రతిసారీ మనసు తేలికపడుతుంది. ‘ఎక్కలేదు కాబట్టే ఏమీ కాలేదు’ అని మెదడు లెక్కేసుకుంటుంది. ముడి ఇంకాస్త బిగుస్తుంది.

మొదటి నెలలో ఇలాంటి కలలు, ఉలికిపాట్లు చాలామందికి వచ్చి పోతాయి. నెల దాటినా వదలకుండా రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే పీటీఎస్‌డీ (ప్రాణభయం కలిగించిన ఘటన తర్వాత మనసును వదలని జబ్బు) ఉందేమో చూపించుకోవాలి. పిరికితనం కాదిది, 1980 నుంచీ వైద్యుల జాబితాలో ఉన్న జబ్బే. నిర్ధారించాల్సింది మాత్రం సైకియాట్రిస్టు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ. ఉత్తరం చూసి చెప్పేది కాదు.

ఇక తవ్వడం సంగతి. సరైన థెరపిస్టు తొలిరోజే ప్రమాదమంతా చెప్పమని పట్టుబట్టరు. ముందు నిద్ర, వాడుతున్న మందులు, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడిగి, భయం ముంచుకొస్తే నిలదొక్కుకోవడం నేర్పుతారు. ఆ తర్వాతే జరిగినదాని గురించి కొద్దికొద్దిగా మాట్లాడించడం, మెట్లెక్కించడం: ఆగి ఉన్న కారులో కాసేపు కూర్చోవడం, మరోరోజు ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవడం, ఆపైన వీధి చివరిదాకా వెళ్లిరావడం. సొంతంగా చేసేవాళ్లు సాధారణంగా ఇక్కడే దెబ్బతింటారు. భయం మండిపోతున్నప్పుడు దిగిపోతే పాత పాఠమే గట్టిపడుతుంది.

అపాయింట్‌మెంట్‌కు ముందే ఫోన్‌లో అడగండి: ట్రామాకు, అంటే ఇలాంటి ఘటన మనసుకు చేసిన గాయానికి, ఏ పద్ధతి వాడతారు, ఎన్ని సెషన్లు, ఇంటి దగ్గర చేయాల్సినవి ఉంటాయా? ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆ ఘటన చుట్టూ అల్లుకున్న ఆలోచనల్నీ, తప్పించుకునే అలవాట్లనీ మార్చే థెరపీ), ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే థెరపీ) అన్న పేర్లలో ఒకటైనా వినిపించాలి. సీబీటీ అయితే మామూలుగా 8 నుంచి 12 సెషన్లు. ‘రండి, మాట్లాడుకుందాం’ తప్ప ఇంకేమీ చెప్పకపోతే మరొకరిని చూసుకోండి.

మధ్యలో కొన్నాళ్లు కలలు ఎక్కువ కావచ్చు, మానేయాలనీ అనిపిస్తుంది. ఆ మాట థెరపిస్టుతోనే అనండి, వేగం తగ్గిస్తారు. నిద్ర కోసం ఆల్ప్రజోలం లాంటివి సొంతంగా వేసుకోవద్దు. అవి ఈ జబ్బును తగ్గించవు, పైగా అలవాటవుతాయి. చనిపోవాలనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇంట్లోవాళ్లలో ఒకరిని ఒక సెషన్‌కు వెంట తీసుకెళ్లండి. ‘మర్చిపో’ అనే బదులు ఆగి ఉన్న కారులో మీ పక్కన ఎప్పుడు, ఎంతసేపు కూర్చోవాలో థెరపిస్టే వాళ్లకు చెప్తారు.