నాన్నగారి పాస్‌వర్డ్‌తో రిటర్ను వేయకండి, పాన్ ఇప్పుడే రద్దు చేయించకండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు ప్రభుత్వ లెక్చరరుగా రిటైరయ్యారు. 2025 నవంబరులో విజయవాడలో ఒక ఆసుపత్రిలో కాలం చేశారు. వీలునామా రాయలేదు. అమ్మ, నేను, తమ్ముడు ఉన్నాం. నానమ్మ తెనాలిలో ఉంటుంది. అరండల్‌పేటలో నాన్న సొంత సంపాదనతో కొన్న రెండు షాపులకు అద్దెలొస్తాయి. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లకు తమ్ముడు నామినీ. ఆ డబ్బంతా తనదేనంటున్నాడు. నాన్న ఏటీఎం కార్డుతో ఇప్పటికే కొంత తీశాడు. ఒక షాపు అమ్మకానికి బేరం కూడా నడుస్తోంది. ఈలోగా, పాత సంవత్సరం వడ్డీ ఆదాయం చూపలేదని నాన్న పేరున ఆదాయపు పన్ను నోటీసు వచ్చింది. "పాస్‌వర్డ్ ఉందిగా, ఎప్పట్లాగే రిటర్ను వేసేసి పాన్ రద్దు చేయించండి" అంటున్నారు తెలిసినవాళ్లు. ఏం చేయాలి? వారసత్వంగా వచ్చిన ఆస్తికి మేం పన్ను కట్టాలా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ షాపు బేరం ఆపించండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఎందుకంటే, చనిపోయినవారి పన్ను బాకీ వారసుల మీదికి వస్తుందని 1961 ఆదాయపు పన్ను చట్టం 159వ సెక్షన్ చెబుతుంది. అయితే ఆయన వదిలివెళ్లిన ఆస్తి విలువ మేరకే వస్తుంది. మీ జీతంలోంచో, అమ్మ నగలమ్మో కట్టమని ఎవరూ అడగలేరు. ఈ రక్షణకు ఒక మెలిక ఉంది. బాకీ తీరకుండానే ఆస్తి అమ్మేసినా, తాకట్టు పెట్టినా, పంచేసుకున్నా ఆ ఆస్తి విలువ మేరకు మీరే సొంతంగా బాధ్యులవుతారు. నోటీసు చేతిలో ఉండగా షాపు అమ్మడమంటే చట్టం ఇచ్చిన గొడుగును మనమే మడిచి పక్కన పెట్టడం.

చనిపోయిన మనిషి పేరున ఇచ్చిన నోటీసు చెల్లదని హైకోర్టులు చాలాసార్లు చెప్పిన మాట నిజమే. ఆ ధైర్యంతో దాన్ని బీరువాలో పడేయకండి. మరణం సంగతి తెలిశాక అధికారులు వారసుల పేరున విచారణ కొనసాగించగలరు. డెత్ సర్టిఫికెట్ జతచేసి గడువులోగా జవాబివ్వండి. నిజంగానే వడ్డీ చూపకపోయి ఉంటే లెక్క తేల్చి కట్టేయడమే మేలు.

ఆ జవాబైనా, రిటర్నయినా నాన్నగారి లాగిన్‌లోంచి పంపకూడదు. ఆయన సిమ్‌కు వచ్చిన ఓటీపీతో రిటర్ను ధ్రువీకరిస్తే, లేని మనిషి సంతకం పెట్టినట్టే అవుతుంది. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ సొంత పాన్‌తో లాగిన్ అయి, ఆయనకు చట్టబద్ధ వారసురాలిగా నమోదు కావాలి. దానికి ఆయన పాన్, డెత్ సర్టిఫికెట్, వారసత్వ రుజువు అడుగుతారు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ రుజువుగా సరిపోతుంది. వార్డు సచివాలయంలోగానీ మీసేవలోగానీ దరఖాస్తు చేయండి. అందులో నానమ్మ పేరు తప్పకుండా రాయించండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు ఆస్తిలో తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. "పెద్దావిడకెందుకులే" అని వదిలేసిన పేర్ల వల్ల ఏళ్ల తరబడి నడిచే దావాలు చాలా ఉన్నాయి. మీ నాన్నగారిది స్వార్జితమే అంటున్నారు కాబట్టి అమ్మ, మీరు, తమ్ముడు, నానమ్మ నాలుగు సమాన వాటాదారులు.

డెత్ సర్టిఫికెట్ మరణం జరిగిన ఊళ్లో ఇస్తారు. కాబట్టి గుంటూరు కార్పొరేషన్ చుట్టూ తిరగకండి, అది విజయవాడ కార్పొరేషన్‌లో తీసుకోవాలి. చేతికి రాగానే అందులోని పేరును పాన్ కార్డు పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మనవాళ్లకు పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆసుపత్రివాళ్లు కేస్‌షీట్‌లో ఉన్నట్టు పొడి అక్షరం వేసి పంపుతారు, సర్టిఫికెట్‌లోనూ అదే పడుతుంది. ఆ ఒక్క తేడాతో బ్యాంకులో, ట్రెజరీలో, పోర్టల్‌లో మూడుచోట్లా ఫైలు ఆగిపోతుంది. ఆధారాలు చూపి రిజిస్ట్రార్ దగ్గర దిద్దించుకునే వీలుంది. కాగితాల పనుల్లో అన్నిటికన్నా ముందు ఇది చేయండి.

ఇక రిటర్ను. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చినా, 2025-26 సంవత్సరం ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది. మరణించిన తేదీ దగ్గర గీత గీయండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ రోజు వరకు పెన్షన్, అద్దె, వడ్డీ నాన్నగారి పాన్ మీద, వారసురాలిగా మీరు వేసే రిటర్నులో చూపాలి. మధ్యలో పోయారని ఆయనకు మినహాయింపు పరిమితి తగ్గించరు, ఏడాది మొత్తానికి ఉన్నదే వర్తిస్తుంది. ఆ మర్నాటి నుంచి వచ్చే అద్దె, వడ్డీ నలుగురి ఆదాయం. ఎవరి వాటా వారి రిటర్నులో చూపాలి. బ్యాంకుకు చెప్పకపోతే వడ్డీ, దాని మీద టీడీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) ఆయన పాన్‌లోనే పడుతూ ఉంటాయి. ఆ పన్ను పట్టుకోవద్దని ఆయన బ్యాంకుకు ఇచ్చిన 15హెచ్ ఫారం కూడా ఇక పనికిరాదు. అందుకే బ్యాంకుకు వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి.

వారసత్వంగా వచ్చినందుకు మాత్రం పన్ను లేదు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. తర్వాత ఎప్పుడైనా షాపు అమ్మితే లాభం మీద పన్ను ఉంటుంది. ఆ లాభాన్ని నాన్నగారు కొన్న ధర నుంచే లెక్కిస్తారు కాబట్టి ఆయన కొన్నప్పటి దస్తావేజు జాగ్రత్త చేయండి. అమ్మకానికి నలుగురి సంతకాలూ కావాలి. ఎవరైనా వాటా వదులుకుంటే నోటిమాట చాలదు, ఆ పత్రం రిజిస్టర్ కావాలి.

తమ్ముడి మాట. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే హక్కున్నవాడు, సొంతదారు కాదు. రామ్ చందర్ తల్వార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చిచెప్పింది. నామినీ ఉన్నాడు కనుక బ్యాంకు మిమ్మల్ని సక్సెషన్ సర్టిఫికెట్ కోసం కోర్టుకు పంపదు. ఆ మేరకు అతని పేరు మీకు ఉపకారమే. తీసుకున్నాక నలుగురికీ లెక్క చెప్పాలి. ఖాతాదారు పోయాక కార్డు వాడటం మాత్రం తప్పే. ఆ కార్డు ఇకమీదట బయటికి తీయొద్దని చెప్పండి. తీసిన సొమ్ము ఆసుపత్రి బిల్లుకో కర్మకాండలకో పెట్టి ఉంటే రసీదులతో ఒక కాగితం రాయించి అందరూ సంతకాలు చేయండి. దీనికి పోలీసు స్టేషను దాకా వెళ్లాల్సిన పని లేదని నా అభిప్రాయం. మరణం తర్వాత నెలల పెన్షన్ జమై ఉంటే ట్రెజరీ వెనక్కి తీసుకుంటుంది, అది ముట్టుకోవద్దు. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్‌కు ట్రెజరీలో దరఖాస్తు చేయించండి. ఆ పెన్షన్ ఆవిడ ఆదాయం. కొత్త పన్ను విధానంలో అందులో మూడోవంతు లేదా 25,000 రూపాయలు, ఏది తక్కువైతే అది మినహాయిస్తారు.

పాన్ రద్దు చివరి పని. నోటీసు ముగిసి, రిటర్ను ప్రాసెస్ అయి, రిఫండ్ ఏమైనా ఉంటే వచ్చి, ఖాతాలన్నీ మూతపడ్డాక డెత్ సర్టిఫికెట్‌తో ఆయన పరిధిలోని అసెసింగ్ అధికారికి దరఖాస్తు ఇవ్వండి. అప్పటిదాకా సిమ్ కూడా రీఛార్జి చేయిస్తూ మీ దగ్గరే ఉంచుకోండి. బ్యాంకు, పన్ను శాఖ మెసేజ్‌లు దానికే వస్తాయి. వాటిని చదవడం వరకే, ఓటీపీలు వాడకండి.