స్విఫ్ట్ క్లాస్‌లో ప్రోటోకాల్ మెథడ్ రాశాక కూడా ఎర్రర్ ఎందుకు వస్తోంది? ఓవర్‌రైడ్ పెట్టాలా?

క్లాస్‌లో అదే పేరుతో మెథడ్ ఉన్నా, క్లాస్ ఆ ప్రోటోకాల్‌కి కన్ఫార్మ్ కావడం లేదని, అంటే అది అడిగినవన్నీ క్లాస్‌లో లేవని, ఎక్స్‌కోడ్ (స్విఫ్ట్ కోడ్ రాసే ఆపిల్ టూల్) అంటోందని రాశారు. ఓవర్‌రైడ్ పెట్టకండి. సూపర్‌క్లాస్‌లో అప్పటికే ఉన్న మెథడ్‌ని తిరిగి రాసేటప్పుడే అది కావాలి. ప్రోటోకాల్ ఫలానా మెథడ్ ఉండాలని అడుగుతుంది, అంతే.

కొత్తవాళ్ల కోడ్‌లో నాకు ఎక్కువగా కనిపించేది లేబుల్ తేడా. స్విఫ్ట్‌లో ఆర్గ్యుమెంట్ లేబుల్ కూడా మెథడ్ పేరులో భాగమే. ప్రోటోకాల్‌లో లేబుల్ ఉన్నచోట మీరు అండర్‌స్కోర్ పెడితే కంపైలర్‌కి అది వేరే మెథడ్. లోపల వాడుకునే పారామీటర్ పేరు మాత్రం మీ ఇష్టం. రిటర్న్ టైప్ కూడా చూడండి: స్ట్రింగ్ అడిగినచోట ఆప్షనల్ స్ట్రింగ్ (విలువ లేకపోయే వీలున్న స్ట్రింగ్) ఇస్తే ఒప్పుకోదు. చేత్తో టైప్ చేయకుండా ఎర్రర్ పక్కనున్న ఫిక్స్ నొక్కండి. సరైన డిక్లరేషన్ అదే వచ్చేస్తుంది, లోపల కోడ్ రాస్తే చాలు. అప్పుడు మీరు రాసినదానికీ దానికీ తేడా ఎక్కడుందో పక్కపక్కనే చూడండి.

ఎర్రర్ వచ్చిందంటే నిజానికి మేలే. అసలు టెన్షన్ పెట్టేవి ఆప్షనల్ మెథడ్స్, అంటే రాయకపోయినా ఎర్రర్ రానివి. ఉదాహరణకి, ఐఫోన్ యాప్‌లలో జాబితా చూపించే యూఐటేబుల్‌వ్యూకి రెండు ప్రోటోకాల్స్ ఉన్నాయి. జాబితాకి డేటా ఇచ్చే డేటాసోర్స్‌లో రెండు మెథడ్స్ తప్పనిసరి: రోల సంఖ్య చెప్పేది, సెల్ ఇచ్చేది. రో నొక్కడం లాంటివి చూసుకునే డెలిగేట్‌లో మాత్రం అన్నీ ఆప్షనల్. 2016లో స్విఫ్ట్ 3తో చాలా పేర్లు మారాయి. రో ఎంచుకున్నప్పుడు నడిచే మెథడ్‌లో లేబుల్ ఇప్పుడు ‘డిడ్‌సెలెక్ట్‌రోఎట్’. పాత ట్యుటోరియల్స్‌లో దాని చివర ‘ఇండెక్స్‌పాత్’ కూడా ఉంటుంది. అది కాపీ చేస్తే కోడ్ కంపైల్ కావచ్చు, కానీ రో నొక్కితే ఏమీ జరగదు. అందుకే పసుపు రంగు వార్నింగ్‌ని వదిలేయకండి. పేరు దాదాపు సరిపోయిందని చాలాసార్లు అదే చెబుతుంది. వార్నింగ్ కూడా లేకపోతే టేబుల్‌వ్యూ డెలిగేట్‌కి సెల్ఫ్ (అంటే మీ క్లాస్ ఆబ్జెక్ట్‌నే) ఇచ్చారో లేదో చూడండి.

ఇంకో రెండు చిన్న విషయాలు. ప్రోటోకాల్‌లో మ్యూటేటింగ్ (మెథడ్ తన విలువల్ని మార్చవచ్చని చెప్పే పదం) అని ఉన్నా క్లాస్‌లో రాయక్కర్లేదు, అది స్ట్రక్ట్‌లకీ ఈనమ్‌లకీ. ప్రోటోకాల్ ఇనిట్ (ఆబ్జెక్ట్‌ని తయారుచేసేది) అడిగితే, క్లాస్ ఫైనల్ (సబ్‌క్లాస్ చేయడానికి వీల్లేనిది) కాకపోతే, ముందు రిక్వైర్డ్ పెట్టాలి.

నేనైతే ఒక్కో ప్రోటోకాల్ మెథడ్స్‌ని ఒక్కో ఎక్స్‌టెన్షన్‌లో (క్లాస్‌కి విడిగా కోడ్ చేర్చే భాగంలో) రాస్తాను. ఏది ఎందుకు ఉందో వెంటనే తెలుస్తుంది. ఇంకా ఎర్రర్ పోకపోతే ప్రోటోకాల్ డిక్లరేషన్, మీ మెథడ్ మొదటి లైను రెండూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.